తప్పు పసివాడిదేనా?

పసివాడు గంజిలో చెయ్యి పెట్టి కాల్చుకుంటే "తుంటరి వెధవ" అని వాడినే తిడతాం. ఇది న్యాయమా? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో పొయ్యి నేలమీదే ఉంటుంది. వార్చిన గంజి, ఉడికే చోడి అంబలి, స్నానానికి కాచిన నీళ్ళు పాకే పిల్లలకు అందుతాయి. వాళ్ళ చర్మం పలుచన. 60 డిగ్రీల సెంటీగ్రేడు నీటికి పెద్దల చర్మం లోతుగా కాలడానికి సుమారు 5 సెకన్లు పడితే, పసివాళ్ళకు ఒక్క సెకను చాలు. చిక్కని గంజి ఒంటికి అంటుకొని ఇంకా కాలుస్తుంది.

కనుక తప్పు గిన్నె పెట్టిన చోటుదే. పొయ్యిని గట్టుమీదికి ఎక్కించాలి. గంజిని మూతపెట్టి ఎత్తున ఉంచాలి. కాలితే సిరా, పేస్టు పూయకూడదు. 20 నిమిషాలు చల్లని నీటి ధార పోసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తమ్ముణ్ణి, చెల్లెల్ని ఎత్తుకు తిరిగేది మీరే. ఇంట్లో ఈ మాట చెప్పవలసిందీ మీరే.