బొగ్గును బుద్ధియంత్రమును

2025 జనవరి కడపటి వారము యంత్రవిద్యాచరిత్రలో చిరకాలము చెప్పుకొనదగిన వారము. నాలుగు దినముల వ్యవధిలో చీనానుండి వచ్చిన వార్త అమెరికా విపణిని వణకించెను; మన తెలుగుతీరమున శ్రీహరికోటనుండి నూఱవ రాకెట్టు లేచెను; ఢిల్లీలో కేంద్రప్రభుత్వము స్వదేశీయ బుద్ధియంత్రమును నిర్మింతుమని ప్రకటించెను. పత్రికలు వీనిని వేఱువేఱు పుటలలో ముద్రించినవి. బొగ్గుగనుల యూరగు మందమర్రిలో కూర్చుండి చదువువానికి మాత్రము ఇవన్నియు నొక్క వార్తగనే తోచును. ఏలయన వీనియన్నిటిలో నిమిడియున్న ప్రశ్న యొక్కటియే: యంత్ర మెవరిది? దాని ఫల మెవరిది?

నేడు కృత్రిమమేధ యని వ్యవహరింపబడుదానినే మేము బుద్ధియంత్ర మనుచున్నాము. అడిగినదానికి బదులు వ్రాయుట, లెక్కలు కట్టుట, భాష మార్చుట, బొమ్మలు గీయుట దాని పనులు. అది పనిచేయుటకు వేలకొలది చిప్పులును అపారమగు విద్యుచ్ఛక్తియు కావలయును. చీనాలోని హాంగ్‌జౌ నగరమునకు చెందిన డీప్‌సీక్ అను సంస్థ జనవరి 20వ తేదీన ఒక బుద్ధియంత్రమును లోకమునకు ఉచితముగ విడిచెను. దానికి పునాదియైన యంత్రమునకు తుదిశిక్షణ నిచ్చుటకు దాదాపు 56 లక్షల డాలర్లే ఖర్చైనవని ఆ సంస్థ చెప్పెను. అంతకుముందు పరిశోధనలకైన వ్యయ మందులో చేరలేదు. అయినను కోట్లకు కోట్లు కుమ్మరించుచుండిన అమెరికా కంపెనీల వాటాదారులు బెదరిపోయిరి. 27వ తేదీ సోమవారమునాడు చిప్పులు చేయు ఎన్విడియా కంపెనీ వాటాల విలువ నూటికి 17 పాళ్లు పడి, ఒక్క దినములో దాదాపు 58,900 కోట్ల డాలర్లు హరించిపోయినవి. ఒక కంపెనీ ఒక్కనా డింత పోగొట్టుకొనుట అమెరికా విపణిచరిత్రలో నదివఱకెన్నడును లేదు.

ఆ కల్లోలమునడుమ మన హైదరాబాదులో పుట్టి పెరిగి, 2014 నుండి మైక్రోసాఫ్టు కంపెనీని నడుపుచున్న సత్య నాదెళ్లగారు ధైర్యవచనముగ నొక పాతపేరును స్మరించిరి. అది విలియం స్టాన్లీ జెవన్సు అను ఆంగ్ల ఆర్థికశాస్త్రజ్ఞుని పేరు. జెవన్సు 1865లో బొగ్గునుగూర్చియే ఒక గ్రంథము వ్రాసెను. జేమ్సు వాటు ఆవిరియంత్రము పూర్వపు యంత్రములకన్న తక్కువ బొగ్గుతో నెక్కువ పని చేసినది. అందుచేత బొగ్గు వాడుక తగ్గవలసియుండగా, యంత్రము చౌకయై ప్రతి మిల్లులోను ప్రవేశించి, మొత్తముమీద బొగ్గు వాడుకయే బలిసినది. పొదుపు చేసినకొలది వాడుక పెరుగునని జెవన్సు తేల్చిన విషయము. బుద్ధియంత్రము చౌకయైనచో దాని వాడుకయు నట్లే పెరుగునని నాదెళ్లగారి యభిప్రాయము.

బొగ్గునుగూర్చి పుట్టిన ఈ సూత్రమును బొగ్గుగనుల యొద్దనే పరీక్షించి చూతము. కాజీపేట-బల్లార్షా రైలుమార్గమున మంచిర్యాలకును బెల్లంపల్లికిని నడుమనున్న మందమర్రి సింగరేణి గనుల పట్టణములలో నొకటి. తట్టయు పారయు పట్టుకొని బాయిలోనికి దిగిన తరములవారి సంతతి ఇచట నున్నది. వారి కన్నులయెదుటనే లోడరు యంత్రములు వచ్చినవి, లాంగ్‌వాల్ యంత్రములు వచ్చినవి, భూమినే పెకలించు ఓపెన్‌కాస్టు గనులు వచ్చినవి. 1990 ప్రాంతమున సింగరేణి కంపెనీలో పనిచేయువారు లక్షకు మించియుండిరి. తీసిన బొగ్గు ఏడాదికి రెండుకోట్ల టన్నులకు లోపే. 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. శాశ్వతోద్యోగులు నలువది వేలకు కొంచెము పైమాట. జెవన్సు సూత్ర మిచట సగము నిజమైనది. బొగ్గు మూడింతలు దాటినది. చేతులు సగమునకన్న తక్కువైనవి. ఓపెన్‌కాస్టులలో మట్టి తీయు పని ఎక్కువగ కాంట్రాక్టు కార్మికుల పాలైనది.

మేము యంత్రమునకు విరోధులము కాము. చీకటిలో నడుము వంచి తట్ట మోసిన దినములు మరల రావలయునని మందమర్రిలో నెవ్వడును కోరడు. తాత బాయిలో దిగి మోసిన బరువును మనుమడు మోయకుండుట లాభమే. కాని యంత్రము వచ్చినంతమాత్రమున ప్రాణమునకు రక్షణ వచ్చుననుటయు భ్రాంతియే. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు పొర్లివచ్చి 17 గురు మరణించిరి. 2021 నవంబరులో శ్రీరాంపురము ప్రాంతపు ఎస్.ఆర్.పి. 3 గనిలో కప్పు కూలి నలువురు మరణించిరి. 2022 మార్చిలో అడ్రియాల గనిలో కప్పు కూలి మువ్వురు మరణించిరి. వారిలో అధికారులు నుండిరి, కాంట్రాక్టు కార్మికుడు నుండెను. అడ్రియాల గని లాంగ్‌వాల్ యంత్రములతో నడచునది, సింగరేణి తన యాధునికతకు నిదర్శనముగ చూపునది. యంత్రము టన్నులను లెక్కపెట్టుట నేర్చినంత త్వరగా కప్పు పగులు నాలకించుట నేర్వలేదు.

ఇంక రెండవ ప్రశ్న: యంత్ర మెవరిది? 29వ తేదీ బుధవారమునాడు శ్రీహరికోటనుండి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఎన్.వి.ఎస్. 02 అను మార్గదర్శక ఉపగ్రహమును నింగికి చేర్చెను. ఆ కేంద్రమునుండి ఇది నూఱవ ప్రయోగము. రాకెట్టు తన పని నెరవేర్చెను గాని, ఉపగ్రహమునందలి ఒక వాల్వు తెఱచుకొనకపోవుటచే అది తన తుదికక్ష్యను చేరలేకపోయెను. కొంద ఱీ వార్త విని పెదవి విఱిచిరి. మే మట్లు తలపము. 1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోటనుండి ఎగిరిన తొలి ఎస్.ఎల్.వి. రాకెట్టు బంగాళాఖాతమున కూలెను; మఱుసటి సంవత్సరమే దాని తరువాతిది జయించెను. తాను చేసిన యంత్రము చెడినప్పుడు ఏ వాల్వు తెఱచుకొనలేదో చెప్పగలవాడే దానిని బాగుచేసికొనగలడు. కొని తెచ్చుకొన్నవాడు అమ్మినవాని గుమ్మమున నిలుచుండవలయును.

మఱునాడు, 30వ తేదీన, కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్‌గారు భారతదేశము తన సొంత భాషాయంత్రమును నిర్మించుననియు, 18 వేలకు పైగా చిప్పులను పరిశోధకులకు తక్కువ అద్దెకు లభింపజేయుదుమనియు ప్రకటించిరి. ఇందులకు మూలమగు పథకమునకు 2024 మార్చిలో 10,372 కోట్ల రూపాయలు మంజూరైయుండెను. 2025 ఏప్రిలులో సర్వం అను బెంగుళూరు సంస్థ ఆ పనికి ఎన్నుకొనబడెను. ఇది శ్లాఘనీయము. అయినను చిప్పుల రూపకల్పన అమెరికాది, వానిలో ముఖ్యమైనవానిని పోతపోయుట తైవానులో. మన చేతనున్నవి విద్యుత్తు, భూమి, నీరు, చదువుకొన్న యువకులు, నూఱుకోట్లు మించిన జనుల భాషలు. ముడిసరకు మనది, తయారైన సరకు పరులది యను పాతకథ మరల నారంభము కాకుండ జాగ్రత్తపడవలయును.

ఆ పాతకథ మందమర్రివారికి క్రొత్తది కాదు. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను. 1886లో నిజాం రాజ్యపు ఖనిజములపై హక్కు లండనులో వెలసిన హైదరాబాదు దక్కను కంపెనీ చేతికి పోయెను. బొగ్గు భూమినుండి వెలువడకమున్నే వాటాలు లండను విపణిలో చేతులు మాఱినవి. ఆ వ్యవహారము 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘపు విచారణకు గుఱియయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1945లో నిజాం ప్రభుత్వము వాటాలను కొని దానిని తన యధీనము చేసికొనెను. ఇప్పుడు నూటికి 51 పాళ్లు తెలంగాణ రాష్ట్రమువి, 49 పాళ్లు కేంద్రమువి. పోగొట్టుకొన్న హక్కును తిరిగి పొందుటకు దాదాపు అఱువది యేండ్లు పట్టినది. బుద్ధియంత్రము విషయమున అంత కాలము వేచియుండుటకు వీలులేదు.

ఈ వ్యవహారము మనకు దూరపుదని యెంచరాదు. 2025 అక్టోబరులో గూగులు సంస్థ విశాఖపట్టణమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఒక గిగావాటు స్థాయి డేటా కేంద్రము నెలకొల్పుదునని ప్రకటించెను. ప్రపంచమునందలి డేటా కేంద్రము లన్నియు కలిసి 2024లో లోకపు విద్యుత్తులో నూటికి ఒకటిన్నర పాలు వాడినవనియు, 2030 నాటికి ఆ వాడుక రెండింతలు దాటుననియు అంతర్జాతీయ శక్తిసంస్థ లెక్కగట్టినది. మనదేశమున విద్యుత్తులో నూటికి డెబ్బదిపాళ్ల వఱకు బొగ్గునుండియే వచ్చుచున్నది. 2024-25లో దేశమంతట తీసిన బొగ్గు నూఱుకోట్ల టన్నులు దాటినది. కనుక నగరమున నొకడు బుద్ధియంత్రము నొక ప్రశ్న యడిగినప్పుడు దాని జవాబుకై మండునది బహుశః ఎక్కడనో ఒక గనికార్మికుడు తీసిన బొగ్గు. ఆ కార్మికుడు తెలుగులో నడిగిన ప్రశ్నకు ఆ యంత్రము ఆంగ్లములో నడిగినవానికి చెప్పినంత చక్కగ బదులు చెప్పవలయునా, వలదా?

ఫలము పంచుకొనుట అసాధ్య మనువారికి సింగరేణియే సమాధానము చెప్పుచున్నది. లాభములలో కార్మికులకు భాగమిచ్చు నాచార మచట పాతికేండ్లనుండి యున్నది. 2024-25 లాభములో పెట్టుబడులకు తీసివేయగా మిగిలిన 2,360 కోట్ల రూపాయలలో నూటికి 34 పాళ్లు శాశ్వతోద్యోగులకు పంచుటకు 2025 సెప్టెంబరులో నిర్ణయమైనది. సగటున తలకు లక్షా తొంబదియైదు వేలకు పైగా వచ్చినది. అదే గనులలో పనిచేయు కాంట్రాక్టు కార్మికునికి వచ్చినది 5,500 రూపాయలు. పంచుకొనవచ్చునని మొదటి యంకె చాటుచున్నది. పంపకము ఎచట ఆగిపోయినదో రెండవ యంకె చూపుచున్నది. యంత్రము పెరిగినకొలది మొదటి జాబితా కురుచయై రెండవ జాబితా పొడవగునేని, లాభములో భాగమను మాట వినుటకు మాత్రమే ఇంపుగ నుండును.

బొగ్గు అక్షయము కాదు. పొరుగుననే యున్న బెల్లంపల్లిలో బాయిలు మూతపడినపిమ్మట ఆ పట్టణము ఎట్లు చిక్కిపోయెనో మందమర్రివారు చూచినారు. మందమర్రిలో సింగరేణివారు సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయుచున్నారు. అది మంచి యారంభము. కాని సూర్యఫలకముల నొకసారి బిగించినపిమ్మట బాయికి కావలసినంతమంది జనము వానికి అక్కఱలేదు. అందుచేత పని యెచటనుండి వచ్చునను ప్రశ్న ఇప్పుడే యడుగవలయును.

మే మడుగునవి అసాధ్యములు కావు. బుద్ధియంత్రము గనులలో ప్రవేశించుచో అది మొదట కప్పు కదలికను, విషవాయువును, నీటి యొత్తిడిని కనిపెట్టు పనికి నియుక్తము కావలయును. దాని హెచ్చరిక కంపెనీ కార్యాలయమునకు పోవుటకుముందు ఆ షిఫ్టులోనున్న సర్దారునకు, కార్మికునకు తెలుగులో చేరవలయును. క్రొత్త యంత్రముల నడుపుటకు వలసిన శిక్షణ గనిపట్టణముల బిడ్డలకు వారి యూళ్లలోనే లభింపవలయును. యంత్రమువలన మిగిలిన ఖర్చులో కాంట్రాక్టు కార్మికునికిని న్యాయమైన భాగము వ్రాతపూర్వకముగ నిర్ణయింపబడవలయును. వీనిలో ఏ యొక్కటికిని క్రొత్త శాస్త్రము కనిపెట్టనక్కఱలేదు. ప్రభుత్వములకు సంకల్పమును, కార్మికసంఘములకు ఐకమత్యమును, చదువరులకు పట్టుదలయు నుండిన చాలును.

యంత్రము చౌకయైనచో దాని వాడుక పెరుగునని జెవన్సు చెప్పెను. పెరిగిన వాడుకవలన వచ్చిన వెలుగు ఎవరి యింట వెలుగవలయునో అతడు చెప్పలేదు. అది శాస్త్రజ్ఞులు తేల్చునది కాదు, విపణి తేల్చునదియు కాదు. బొగ్గు తీసినవారును, ఆ బొగ్గువెలుగున చదువుకొన్నవారును కలిసి తేల్చుకొనవలసినది.