సెలవు యజమాని దయయా? పనివారి హక్కా?

దూరదేశమున పనిచేయువారికి జీతమెంత ముఖ్యమో, ఇంటికి మరలివచ్చు మార్గము తెఱచియుండుట అంతకంటె ముఖ్యము. ఆ మార్గము మూయబడిన చోట ఎంత జీతమిచ్చినను అది చెఱసాలలోని భత్యమే యగును. కువైటునందు యజమానుల యిండ్లలోనే నివసించుచు ఊడిగము చేయు మన స్త్రీల సెలవులను గూర్చియు, స్వదేశ ప్రయాణమును గూర్చియు మేము నేడు వ్రాయుటకు కారణమిదియే.

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండియు, గోదావరి జిల్లాలనుండియు ఏండ్ల తరబడి మన ఆడపడుచులు కువైటునకు పోవుచున్నారు. అక్కడ వారికి ఖద్దామాలని పేరు. వారు పంపిన ధనముతో ఇచట అప్పులు తీరుచున్నవి, పెండ్లిండ్లు జరుగుచున్నవి, డాబాలు లేచుచున్నవి. డాబా ఎల్లర కన్నులకును కనబడును. తల్లి కడసారి చూపునకు రాలేకపోయిన కూతురి దుఃఖము మాత్రము ఎవరికిని కనబడదు. బిడ్డను పాలు మఱపించి పోయిన తల్లి, ఆ బిడ్డ బడికి పోవు వయస్సున మరలివచ్చి, వానిచేత “ఈమె ఎవరు?” అనిపించుకొనుట ఏ లెక్కలలోనికిని ఎక్కదు.

చట్టము లేదందురా? ఉన్నది. కువైటు ప్రభుత్వము 2015లో ఇంటిపనివారి కొఱకు 68వ నంబరు చట్టమును చేసినది. దినమునకు 12 గంటలకు మించి పనిచేయింపరాదనియు, వారమునకొకనాడు సెలవు ఇయ్యవలెననియు, ఏటికి 30 దినములు జీతముతోడి సెలవు ఇయ్యవలెననియు అందున్నది. యజమాని పనివారి పాస్పోర్టును తనయొద్ద దాచుకొనుటను ఆ చట్టము నిషేధించినది. మఱుసటి యేట, 2016లో, నెలకు 60 దీనారుల కనీస వేతనమును నిర్ణయించిరి. కాగితముమీద చూచినచో కొఱత తక్కువగానే తోచును.

అయినను కాగితమునకును వంటింటికిని నడుమ ఎత్తైన గోడ యున్నది. కార్ఖానాలోనికి తనిఖీదారు పోవచ్చును. ఇంటిలోనికి ఎవరు పోవుదురు? పాస్పోర్టు దాచరాదని చెప్పిన చట్టము, దాచినవానికి ఇంత శిక్షయని చెప్పుట మఱచినది. శిక్ష లేని నిషేధము హితోపదేశమే గాని శాసనము కాదు. ఇక ఏటికి 30 దినముల సెలవు ఉన్నదనుకొందము. పాస్పోర్టు యజమాని బీరువాలో నుండగా, విమానపు టిక్కెట్టునకు చేత పైకము లేకుండగా, ఆ సెలవు ఎచట గడపవలెను? ఆ వంటింటిలోనే గదా! పనిచేయు చోటనే గడపు సెలవు పేరునకు సెలవేగాని, యజమాని కేక వినబడునంతవఱకు అది పనిదినమే.

కష్టము సహింపలేక గడప దాటిన స్త్రీ గతి మఱింత ఘోరము. పాఱిపోయినదని యజమాని ఫిర్యాదు చేసినంతనే ఆమె అకామా చెల్లక, నేరము చేయకయే నేరస్థురాలగును. ఇంటనుండలేదు, దేశమునుండి పోలేదు. కువైటు ప్రభుత్వము 2018లోను, 2020లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించి ఇట్టివారిని పోనిచ్చినది. స్వగృహమునకు మరలుటకు క్షమాభిక్షయా! తప్పు చేసినవారికి గదా క్షమాపణ? ఈ మాటయే ఈ కఫాలా విధానపు స్వరూపమును వెల్లడించుచున్నది.

యజమానుల పక్షమున రెండు వాదములు చెప్పబడుచున్నవి. ఏజెంటునకు పెద్దమొత్తము చెల్లించి పనిమనిషిని తెచ్చుకొంటిమి, సెలవుపై పోయి మరలిరానిచో మా పైకము పోవును గదా యనునది మొదటిది. పైకము పుచ్చుకొన్నవాడు ఏజెంటు. పూచీ పడవలసినవాడును వాడే. వారిద్దఱి బేరమునకు మూడవ మనిషి శరీరమును తాకట్టు పెట్టుట ఏ ధర్మము? ఆమెను ఇంటి మనిషివలె చూచుకొనుచున్నాము, సెలవుల లెక్క లెందులకు అనునది రెండవది. సంతోషమే. ఇంటి ఆడపిల్ల పుట్టింటికి పోదలచినచో ఆమె పత్రములను బీరువాలో దాచి తాళము వేయుదురా?

పాఠకులు పూర్వచరిత్రను ఒక్కసారి జ్ఞాపకము చేసికొనవలెను. తెల్లదొరల చెఱకుతోటలకు మన కూలీలను ఓడలలో ఎగుమతి చేసిన దినములలో సయితము, ఫిజీకి పోయిన కూలీ పదియేండ్లు ఆ ద్వీపమున గడపినచో ఉచితముగా స్వదేశమునకు చేర్చవలెనని ఒప్పందమునం దుండెను. ఆ విధానమును దాస్యమని నిందించి, దానిని రద్దుచేయవలెనని గోఖలే 1912లో శాసనసభలో తీర్మానము తెచ్చెను. అది నాడు ఓడిపోయినను, 1917లో ఆ ఎగుమతి నిలిచిపోయెను. పరప్రభుత్వము క్రింద నుండియు ప్రజాభిప్రాయము సాధించిన దానిని, స్వతంత్రులమై మనము సాధింపలేమా?

సాధింపవచ్చుననుటకు ఫిలిప్పీను దేశము నిదర్శనము. 2018లో తమ యాడపడుచు మృతదేహము కువైటులో ఒక శీతలపేటికయందు బయటపడగా, ఆ ప్రభుత్వము తన పనివారిని కువైటునకు పంపుట మానివేసినది. కొన్ని నెలలలోనే, మే మాసమున, కువైటు ఒప్పందమునకు వచ్చినది. పాస్పోర్టులు యజమానులు ఉంచుకొనరాదనియు, పనివారు టెలిఫోనును ఉపయోగించుకొనవచ్చుననియు అంగీకరించినది. అడిగినవారికి దొరకినది; అడుగనివారికి ఏమి దొరకును?

మన ప్రభుత్వమేమి చేసినది? అట్టి దేశములకు ఇంటిపనికి పోవు స్త్రీలకు 30 ఏండ్లు నిండవలెనని నియమము పెట్టినది. దొంగ ఏజెంట్లు ఆ నియమమును తప్పించి విజిటు వీసాలపై పంపుచున్నారు. అట్లు పోయినవారికి ఏ పత్రమును రక్ష కాదు. 2021 జూనులో భారత కువైటు ప్రభుత్వములు ఇంటిపనివారిని గూర్చి ఒక ఒడంబడికపై సంతకములు చేసినవి. మంచిదే. అయితే అది నిజముగా రక్ష యగుటకు కావలసినవి కొన్ని గలవు. సెలవు ఎన్నడో, టిక్కెట్టు ఎవరు కొనవలెనో స్పష్టముగా వ్రాసిన తెలుగు ప్రతి ప్రయాణమునకు ముందే ఆమె చేతికి రావలెను. రెండేండ్లకొకసారి రానుపోను టిక్కెట్టు యజమానియే భరింపవలెను. 2022 నాటి అరబ్బు ఎమిరేట్ల చట్టము ఈ నియమమును అంగీకరించినది, కువైటునకు అసాధ్యమేల? తలిదండ్రులు గాని, భర్త గాని, బిడ్డ గాని మరణించినపుడు వెంటనే పోవుటకు అనుమతి యుండవలెను. ఆమె మాటయు వినక పాఱిపోయినదను ఫిర్యాదును స్వీకరింపరాదు.

ఇతరులను నిందించునపుడు మన గడపవంకను చూచుకొనవలెను. ఇంటిపనివారికి తక్కిన పనివారితో సమానమైన విశ్రాంతి ఉండవలెనని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడికకు మన దేశము ఓటు వేసినది గాని, నేటికిని దానిని ధ్రువపఱుపలేదు. మన పట్టణములలో ఎందఱు గృహస్థులు పనిమనిషికి వారమున కొకనాడు సెలవిచ్చుచున్నారు? జ్వరము వచ్చి రాని దినమునకు జీతము కోయువాడు కువైటు యజమానిని ఏ నోట నిందించును? ఇచట ఆ హక్కును మన్నించిన నాడే అచట అడుగు మన కంఠమునకు బలము చేకూరును.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు మహాశయులారా! మీ ఊరినుండి కువైటునకు పోవు స్త్రీ పత్రములను ఒక్క గంట చదివి ఆమెకు వినిపింపుడు. విజిటు వీసా అమ్మజూపు ఏజెంటును ఊరి పొలిమేరలోనే నిలువరింపుడు. మీ శాసనసభ్యుని టిక్కెట్టు సంగతియు, పాస్పోర్టు సంగతియు పేరుపేరున అడుగుడు. ఆ స్త్రీలు మనలను దయ యడుగుట లేదు. చేసిన కష్టమునకు జీతము వలెనే సెలవును వారి స్వార్జితము. దానిని వారి చేతికి ఇప్పించు బాధ్యత మనయందఱిది.