తుంటినరము నొప్పి



మిరప కోతలు మొదలైతే మన పల్నాటి సంఘాలలో ప్రార్థన మనవులు మారిపోతాయి. "అయ్యగారూ, నడుములో నుంచి పిర్ర మీదుగా పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగుతోంది" అనే సహోదరి గురజాల వైపు పల్లెల్లోనూ ఉంటుంది, మాచర్ల వైపు పల్లెల్లోనూ ఉంటుంది. కొందరు వాతమంటారు, కొందరు నరం పట్టిందంటారు. డాక్టర్లు సయాటికా అంటారు. ఆదికాండము 32వ అధ్యాయములో యాకోబు కుంటిన సంగతి చదివేటప్పుడు "తుంటినరము" అనే మాట మీరు చూచియుంటారు. ఆ నరమే ఇది.

మన శరీరములోని నరాలన్నిటిలో ఇది లావైనది. నడుము దగ్గర వెన్నెముక నుండి వచ్చే నరాలు ఒకటిగా కలిసి, తొడ వెనుకగా కాలిలోకి దిగుతాయి. వెన్నుపూసల మధ్య మెత్తవంటి డిస్కు ఉంటుంది. అది ఉబ్బి నరమును ఒత్తితే బాధ కాలిలో తెలుస్తుంది. జబ్బు నడుములో, ఏడుపు కాలిలో! ఈ డిస్కు సంగతి డాక్టర్లకే 1934లో మిక్స్‌టర్, బార్ అనే అమెరికా వైద్యులు వ్రాసిన తరువాత బాగా తెలిసింది. కాబట్టి కాలి మీద వాతలు పెట్టించిన మన పెద్దలను చూచి నవ్వనక్కరలేదు. ఇప్పుడు మాత్రం పెట్టించవద్దు. షుగరు ఉన్నవారికి ఆ పుండు మానదు.

ఎక్కువమందికి రెండు మూడు నెలల్లో ఆపరేషను లేకుండానే తగ్గుతుంది. అలాగని మంచం పట్టనక్కరలేదు. 1999లో నెదర్లాండ్స్‌లో 183 మంది రోగులను పరిశీలిస్తే, రెండు వారాలు పడుకున్నవారికీ ఇంట్లో తిరుగాడినవారికీ తేడా కనబడలేదు. యాకోబు కూడా కుంటుతూనే ఏశావుకు ఎదురు వెళ్లాడు గదా! నొప్పి ఓర్చుకోగలిగినంత మట్టుకు నడవండి. ప్రక్కకు పడుకొని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. కోతలో గంటల తరబడి నడుము వంచి ఉండక, మధ్య మధ్య లేచి నిలబడండి. మిరప టిక్కీని ఒక్కరే ఎత్తవద్దు. నొప్పి బిళ్లలు కొట్లో కొని వారాల తరబడి మింగితే కడుపు, మూత్రపిండాలు చెడతాయి. సూది వేయించుకొని సాయంత్రానికే చేనికి పోవడం ఇంకా ప్రమాదము.

ఒక్క సంగతి మాత్రం తల్లులు సిగ్గుపడకుండా చెప్పాలి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే చోట, తొడల లోపల మొద్దుబారినా, రెండు కాళ్లూ పట్టు తప్పుతున్నా ఆ రోజే గుంటూరు పెద్దాసుపత్రికో, ఆపరేషను చేయగల మరో ఆసుపత్రికో వెళ్లాలి. తెల్లవారనిమ్మని ఆగితే ఆ పట్టు మళ్లీ రాకపోవచ్చు. పాదము పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఆలస్యము చేయవద్దు. నడుము నొప్పితో పాటు సాయంత్రపు జ్వరము, బరువు తగ్గడము ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు, పరీక్ష చేయించండి.

మందు వాడితే విశ్వాసము తక్కువని కొందరు బోధిస్తున్నారు. హిజ్కియా ప్రార్థన చేశాడు, పుండు మీద అంజూరపు పండ్ల కట్టూ వేశారు. రెండూ ఒకే అధ్యాయములో ఉన్నాయి.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఆదివారము మూడు గంటలు చాప మీద కూర్చోవడము ఈ నొప్పి ఉన్నవారికి శిక్ష. వెనుక వరుసలో నాలుగు కుర్చీలు వేయించండి. ఆరాధన మధ్యలో వారు లేచి వెనుక నాలుగడుగులు నడిస్తే ఎవరూ తిరిగి చూడకండి.