మందొకరిది, పేరొకరిది

“సొమ్మొకడిది, సోకొకడిది” అని మనవాళ్ళు ఊరికే అనలేదు. డబ్బు విషయంలోనే కాదు, శాస్త్ర పరిశోధనల్లోనూ ఈ సామెతకు చోటుంది. ఈ వారం నేను చెప్పబోయే అమ్మాయి ఇరవై మూడేళ్ళ వయసులో ఒక మహావ్యాధికి మంచి మందు తయారుచేసి, ఇరవై నాలుగేళ్ళకే కన్నుమూసింది. ఆ మందు మాత్రం చాలాకాలం మరొకరి పేరున చెలామణీ అయింది. ఆమె పేరు ఆలిస్ బాల్.

ఆలిస్ 1892లో అమెరికాలోని సియాటిల్ నగరంలో, ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా కాలేదు. అయినా ఆ ఇంట్లో చదువుకు లోటు లేదు. తాతగారు జేమ్స్ బాల్ ఫొటోలు తీయడమనే విద్య ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే దాన్ని నేర్చి పేరు తెచ్చుకున్న మనిషి. తండ్రి పత్రికా సంపాదకుడు, లాయరు కూడా. ఆలిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1912లో ఔషధ రసాయన శాస్త్రంలోనూ, 1914లో ఫార్మసీలోనూ డిగ్రీలు పుచ్చుకుంది. అక్కడి ప్రొఫెసరుతో కలిసి ఆమె రాసిన వ్యాసం అమెరికన్ కెమికల్ సొసైటీ వారి పత్రికలో అచ్చయింది.

తరువాత హవాయి దీవులకు వెళ్ళి, అక్కడి కాలేజీలో 1915లో మాస్టర్స్ డిగ్రీ పూర్తిచేసింది. ఆ కాలేజీలో ఆ డిగ్రీ పొందిన మొదటి స్త్రీ ఆమె. మొదటి నల్లజాతి విద్యార్థీ ఆమే. ఆపైన అక్కడే రసాయన శాస్త్రం పాఠాలు చెప్పింది. కావా అనే మొక్క వేరులో ఏయే పదార్థాలున్నాయో ఆమె చేసిన పరిశోధన చూసే కాబోలు, హొనొలులులో కుష్ఠురోగులకు వైద్యం చేస్తున్న డాక్టర్ హోల్మన్ ఆమె సాయం కోరాడు.

మన పల్లెల్లో “పెద్దరోగం” అని గుసగుసగా చెప్పుకునే ఈ జబ్బుకు హవాయివారు “విడదీసే జబ్బు” అని పేరుపెట్టారు. ఎంత నిజమైన మాట! 1866 నుంచి అక్కడి ప్రభుత్వం ఈ రోగులను పట్టి మొలొకాయి దీవికి పంపించేది. అక్కడ వాళ్ళున్న చోటుకు మూడువైపులా సముద్రం, నాలుగోవైపు నిట్టనిలువు కొండ. తల్లిని బిడ్డ నుంచి, మొగుణ్ణి పెళ్ళాం నుంచి వేరుచేసి, సుమారు ఎనిమిదివేల మందిని అలా పంపారు. వెళ్ళినవాళ్ళలో తిరిగివచ్చినవాళ్ళు తక్కువ.

అప్పటికి ఈ రోగానికి తెలిసిన మందు ఒక్కటే, చాల్‌మూగ్రా గింజల నూనె. ఇది మన వైపు సరుకే. బర్మా, అస్సాం అడవుల్లో పెరిగే చెట్టు అది. దాని దాయాది చెట్టు నుంచి తీసిన తువరక తైలాన్ని మన ఆయుర్వేద వైద్యులు అనాదిగా వాడుతున్నారు. 1854లో కలకత్తాలోని డాక్టర్ మోవట్ ద్వారా ఈ నూనె సంగతి పాశ్చాత్య వైద్యులకు తెలిసింది. అయితే దాంతో వచ్చిన చిక్కు ఇంతా అంతా కాదు. పైన రాస్తే బంకలా అంటుకుంటుంది. తాగిస్తే వాంతి అవుతుంది. సూది ద్వారా ఎక్కిస్తే చర్మం కింద గడ్డలు కట్టి, నరకబాధ పెడుతుంది. పులుసు మీద నూనె తేలడం మనం రోజూ వంటింట్లో చూసేదే కదా! ఒంట్లోనూ అంతే. చిక్కటి నూనె ఎక్కించినచోటే ఉండిపోయేది, రక్తంలో కలిసేది కాదు.

ఆలిస్ చేసిన పని ఏమంటే, ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలను విడదీసి, వాటిని ఆల్కహాలుతో కలిపి “ఇథైల్ ఎస్టర్లు” అనే పల్చటి ద్రవంగా మార్చింది. మందు గుణం పోలేదు; చిక్కదనం పోయింది. సూదితో ఇస్తే ఒంటికి పట్టింది. పెద్ద పెద్దవాళ్ళకు కొరుకుడుపడని ఈ పనిని ఆమె పగలు పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన వేళల్లో సాధించింది.

దాన్ని అచ్చు వేయించుకునే వ్యవధి మాత్రం ఆమెకు దక్కలేదు. 1916లో జబ్బుపడి సియాటిల్ తిరిగివచ్చి, ఆ ఏడు డిసెంబరు 31న చనిపోయింది. క్లాసులో ప్రయోగం చేసి చూపిస్తుండగా క్లోరిన్ వాయువు పీల్చడం వల్ల అని ఒక పత్రిక రాసింది. మరణపత్రంలో క్షయ అని ఉంది.

ఆ తరువాత కాలేజీ అధ్యక్షుడు ఆర్థర్ డీన్ ఆమె పనిని అందుకుని, మందును పెద్దయెత్తున తయారుచేయించాడు. వ్యాసాలు రాశాడు. వాటిలో ఆలిస్ పేరు లేదు! లోకం దాన్ని “డీన్ పద్ధతి” అంది. ఆ మందుతో 78 మంది రోగులు హొనొలులు ఆసుపత్రి నుంచి ఇళ్ళకు వెళ్ళారు. కొందరికి రోగం తిరగబెట్టిన మాట నిజమే. అయినా 1940లలో సల్ఫోను మందులు వచ్చేదాకా ఇంతకన్న మంచి మందు లేదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ నడిపిన ఆసుపత్రిలోనూ ఈ జాతి నూనెతోనే వైద్యం చేసేవారు. ఇప్పుడైతే ఈ వ్యాధి మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. తొందరగా గుర్తిస్తే అవిటితనమూ రాదు.

మరి ఆలిస్ పేరు మనదాకా ఎలా వచ్చింది? డాక్టర్ హోల్మన్ పుణ్యమా అని. 1922లో ఆయన ఒక వైద్యపత్రికలో రాస్తూ, ఇది “బాల్ పద్ధతి” అని స్పష్టంగా చెప్పాడు. ఎదుటివాడు కాలేజీ అధ్యక్షుడు; చనిపోయిన పిల్లకు తరఫున అడిగేవాళ్ళు లేరు. అయినా నిజం రాసిపెట్టాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి పడివుంది. 1970ల తరువాత పరిశోధకులు పాత కాగితాలు తిరగేస్తే ఆమె కథ బయటపడింది. 2000లో హవాయి విశ్వవిద్యాలయంవారు తమ ఆవరణలోని చాల్‌మూగ్రా చెట్టు దగ్గర ఆమె పేరిట ఫలకం పెట్టారు. ఆ రోజు ఫిబ్రవరి 29. దాన్నే “ఆలిస్ బాల్ దినం”గా ప్రకటించారు. ఎనభై ఏళ్ళు ఆలస్యంగా ఇచ్చినదీ నాలుగేళ్ళకోసారి వచ్చే తేదీయేనా అని నాకు నవ్వూ వచ్చింది, ఉసూరుమనీ అనిపించింది.

మన ఇళ్ళలో కోడలు పెట్టిన ఊరగాయ అత్తగారి పేరున ఊరంతా తిరగడం మామూలే. చెల్లెలు వేసిన ముగ్గుకు అక్క మెప్పు పొందడమూ మామూలే. చిన్న విషయాలని కొట్టిపారేస్తాం. కాని పిల్లలు న్యాయం నేర్చుకునేది అక్కడే. “ఇది ఫలానా అమ్మాయి చేసింది” అని చెప్పడానికి ఖర్చేమీ కాదు. హోల్మన్ రాసింది అలాంటి ఒక్క మాటే.