పేర్లు కొండెక్కక ముందే

పోయిన మార్చిలో పెనుకొండ కొండ మీద దారి తప్పాను. కోటకి పోయే మామూలు దారిలో కాదు, వెనకవైపు నుంచి ఎక్కి చూద్దామని వెళ్లి. ఫోన్లో ఎవరో ట్రెక్కర్ పెట్టిన జీపీఎస్ గీత ఉంది. దాని కింద రాసింది ఇంతే: “మోడరేట్. ఆసమ్ వ్యూ. మస్ట్ డూ.” పదకొండు దాటేసరికి ఒక పెద్ద బండ అంచున నిలబడి ఉన్నాను. గీత ముందుకే పోతోంది. ముందు నేల లేదు. బాటిల్లో నాలుగు గుక్కల నీళ్లున్నాయి.

కింద మేకలు కాస్తున్న ఒక పెద్దాయన కేకేశాడు. “ఏమప్పా, యాడికి? ఆడ దోవ లేదు, ఎనక్కి రా. గవి కాడ ఎడం పక్కకి తిరుగు, దొన ఉంటాది. నీళ్లు తాగి వంకెంబడి దిగు. ఉగాది దాటితే ఆ దొన ఎండిపోతాది, మళ్లా వచ్చే పనుంటే గుర్తుపెట్టుకో.”

అంతే. గుర్తు, మలుపు, నీళ్లు, కాలం, అన్నీ అందులోనే ఉన్నాయి. గవి అంటే గుహ. దొన అంటే బండలో వాన నీరు నిలిచే గుంట. హిందూపురంలో పుట్టి పెరిగినవాణ్ని, ఈ మాటలు నాకు కొత్త కాదు. కానీ వాటిని ఒక పనికోసం విని ఎన్నాళ్లయిందో.

ఆ గీత పెట్టినవాణ్ని తిట్టుకున్నాను గానీ, ఇంజనీరుగా ఆలోచిస్తే వాడి తప్పు చిన్నదే. ఆకాశం బాగా కనబడే చోట ఫోన్ జీపీఎస్ ఓ 5 మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. గుండ్ల సందుల్లో సిగ్నల్ రాళ్లకి తగిలి వస్తుంది, తేడా ఇంకా పెరుగుతుంది. బండ అంచున ఐదు మీటర్లంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ తేడాని పూడ్చేది మాటే. “గవి కాడ ఎడం పక్కకి” అన్న మాట.

కాబట్టి నా గొడవ ఆ ట్రెక్కర్‌తో కాదు, మనతో. తెలుగులో రాసే, చదివే మనతో. దిగొచ్చాక తెలుగులో కొండల మీద వచ్చిన వ్యాసాలు దొరికినన్ని చదివాను. చాలావాటిలో మంచు ఉంటుంది, మౌనం ఉంటుంది, “నన్ను నేను కలుసుకున్నాను” ఉంటుంది. ఏ వైపు నుంచి ఎక్కాలో ఉండదు. నీళ్లెక్కడో ఉండదు. ఏ నెలలో వెళ్లకూడదో ఉండదు. రాసినాయన ఎక్కింది కొండో, తన భుజాలో తెలీదు.

ఈ మాటంటే వెంటనే ఒక జవాబొస్తుంది: అవన్నీ గైడుబుక్కు సంగతులండీ, సాహిత్యం వేరు. ఈ గోడ ఎవరు కట్టారో గానీ, మన యాత్రా సాహిత్యం మొదలైంది ఇలా కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్లున్నాయా, దిగడానికి చోటుందా, సరుకులు దొరుకుతాయా అని రాసుకుంటూ పోయాడు. తన వెనక ఇంకొకడు వస్తాడని ఆయన మర్చిపోలేదు. అంతకుముందు మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల బృందమూ ఊరూరా తిరిగి కైఫియత్తులు పోగుచేశారు. ఇవాళ మనం వీటిని భక్తిగా ఉటంకిస్తాం. వాళ్లు చేసిన పని మాత్రం చెయ్యం.

వివరం అందాన్ని చంపుతుందనేవాళ్లు ఒకసారి ధర్మవరం వెళ్లి చూడండి. చీర అంచు మీద హంస రావాలంటే ముందు గళ్ల కాగితం మీద గడి గడీ లెక్కపెట్టి వెయ్యాలి. తర్వాత అట్టలకి చిల్లులు కొట్టాలి. ఒక్క గడి తప్పితే హంస మెడ విరుగుతుంది. ఆ లెక్క వల్ల చీర అందం తగ్గిందని ఏ పెళ్లికూతురూ అనలేదు.

ఐర్లండ్‌లో కొండలు నడిచేవాళ్ల తీరు చూస్తే నాకు అసూయ. ఎక్కడ బురద, ఏ కంచె ఎక్కడ దాటాలి, పొగమంచులో ఏ వాలు నమ్మొచ్చు, ఏ పిట్ట కనబడింది, ఇవన్నీ ఒకరికొకరు చెప్పుకుంటారు. శిఖరం పేరు అసలు ఐరిష్‌లో ఏమిటని వాదించుకుంటారు. పేర్లు పోతే ఏమవుతుందో ఆ దేశానికి తెలుసు. 1830లలో బ్రిటిష్ సర్వే వాళ్లు ఊళ్ల పేర్లని ఇంగ్లిష్‌లోకి మార్చడం మీద బ్రయన్ ఫ్రీల్ 1980లో ‘ట్రాన్స్‌లేషన్స్’ అనే నాటకం రాశాడు. టిమ్ రాబిన్సన్ అనే ఇంగ్లండ్ మనిషి 1972లో లండన్ వదిలి అరన్ దీవులకొచ్చాడు. పోస్టాఫీసు నడిపే ఆవిడ సూచిస్తే మ్యాప్ గీయడానికి పూనుకున్నాడు. రాతి రాతికీ, మడుగు మడుగుకీ పేరేమిటని స్థానికుల్ని అడిగి రాసుకున్నాడు. మ్యాప్ 1975లో వచ్చింది. దాని వెనకే వచ్చిన పుస్తకాలని లోకం సాహిత్యంగానే చదువుతోంది.

ఇక రెండో అభ్యంతరం, ఇది కాస్త గట్టిది. దారి చెబితే జనం ఎగబడతారు, చిప్స్ ప్యాకెట్లు పడేస్తారు, గుప్తనిధుల వాళ్లు గడ్డపారలతో వస్తారు. కానీ గడ్డపారలవాడికి మన వ్యాసం అక్కర్లేదు. వాడికి కావలసింది ఎవరూ తిరగని, ఎవరూ రాయని చోటు. చిప్స్ ప్యాకెట్లంటారా, “హిడెన్ జెమ్” అని ముప్పై సెకన్ల రీల్ పెట్టి, వంకలో చెత్త వెయ్యొద్దని ఒక్క ముక్క చెప్పనివాళ్లని అడగండి. ఒక్కటి ఒప్పుకుంటాను: ఎలుగుబంటి గుహ, గుడ్లగూబ గూడు, ఇలాంటివి మ్యాప్‌లో పెట్టకూడదు. సీతాఫలాల కాలంలో పొద్దు వాలాక ఆ పక్కకి పోవద్దని చెబితే చాలు. ఏది చెప్పాలో ఏది దాచాలో తెలియడం కూడా కొండ తెలియడమే.

ఇదంతా ఎందుకింత పట్టింపు అంటే, చిన్నప్పుడు హిందూపురం దగ్గర మేం ఆడుకున్న గుట్ట ఒకటి ఇప్పుడు సగమే ఉంది. మిగతా సగం గ్రానైట్ పలకలై లారీలెక్కింది. మిగిలిన సగం గురించి అర్జీ రాద్దామని కూర్చున్నాను. పేరు దగ్గర ఆగిపోయాను. కాగితాల్లో దానికి సర్వే నంబరే ఉంది. మా అవ్వ దాన్ని ఒక పేరు పెట్టి పిలిచేది. నాకు గుర్తులేదు. అవ్వ లేదు. ఎన్నో కథల పుస్తకాల మీద పేజీలకు పేజీలు సమీక్షలు రాసినవాణ్ని, ఆ ఒక్క మాట రాసుకోలేదు. నంబరు పోతే ఎవరూ ఏడవరు. పేరున్నదాన్ని తవ్వాలంటే కనీసం ఒకడైనా అడ్డొస్తాడు.

దీపం ఆరిపోయిందనడానికి మన ఇళ్లల్లో నోరు రాక “కొండెక్కింది” అంటాం. కొండల పేర్లు కూడా అలాగే కొండెక్కుతున్నాయి, మేకలు కాసే ఒక్కో పెద్దాయనతో పాటు.

కాబట్టి ఈసారి కొండ మీద వ్యాసం రాసేముందు ఐదు సంగతులు రాయండి: ఎటునుంచి ఎక్కారు, ఏ గుర్తు దగ్గర తిరిగారు, నీళ్లెక్కడ, ఏ నెల, అక్కడివాళ్లు దాన్నేమంటారు. ఆ తర్వాత మౌనం గురించి ఎంతైనా రాసుకోండి, చదువుతాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి చోటుకీ తెలుగు పేరు చేర్చే వీలుంది. అందులో ఏ ఊరి గుట్టల దగ్గరికైనా వెళ్లి చూడండి, ఎంత ఖాళీగా ఉందో.

నేను మళ్లీ పెనుకొండ వెళ్లాను, ఈసారి నోటుబుక్కుతో. ఆయన దొరికాడు. ఆ బండకి పేరుందా అని అడిగితే ముందు నవ్వాడు. తర్వాత కూర్చోబెట్టి ఆ బండదే కాదు, చుట్టూ ఉన్నవాటివీ చెప్పాడు. పదకొండు పేర్లు. సాయంత్రం ప్యాసింజర్‌లో హిందూపురం చేరేలోపు అన్నీ సాఫు ప్రతి రాసుకున్నాను. వాటిలో రెండు ఇంకా అర్థం కాలేదు, మళ్లీ వెళ్లి అడగాలి.