మొఖం జూసుడు ఎవరి పని?

2024 మే 13. హైదరాబాద్‌ల పార్లమెంట్ ఓట్లు పడ్తున్నయి. బీజేపీ క్యాండిడేట్ మాధవీలత ఒక పోలింగ్ బూత్‌లకు వోయి, బుర్ఖాల ఉన్న ఆడోళ్ల ఓటర్ కార్డులు తీస్కొని, నఖాబ్ లేపుమని అడిగి మొఖాలు సరిచూసింది. మలక్‌పేట పోలీసులు కేసు పెట్టిన్రు. అభ్యర్థిగా నాకు హక్కుంది, వినయంగనే అడిగిన అని ఆమె చెప్పుకుంది. ఆ వీడియో మా దిక్కు వాట్సాప్ గ్రూపులల్లకు రాంగనే రెండు జట్లయినయి. దొంగ ఓట్లు ఆపితే తప్పేందని ఒక జట్టు, మా ఆడోళ్ల మొఖం జూసుడేందని ఇంకో జట్టు. రెండు జట్లల్ల ఒర్రినోళ్లు మొగోళ్లే. బుర్ఖా ఏస్కునే ఒక్క ఆడమనిషి గూడ ఆ గ్రూపులల్ల లేదు.

రూల్ ఏముందో ముందుగాల జూద్దాం. పర్దా పాటించే ఓటర్లు ఎక్కువున్న బూత్‌ల ఆడ సిబ్బందిని పెట్టాలె. చాటుకు ఒక జాగ సూపియ్యాలె. అక్కడ ఆ మేడమ్ మొఖం జూసి, కార్డుతోని కలిపి, ఏలికి సిరా పెడ్తది. ఎవరి మీదనన్న అనుమానం ఉంటే పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు డిపాజిట్ కట్టి సవాల్ జెయ్యొచ్చు. అప్పుడు ప్రిసైడింగ్ ఆఫీసర్ విచారణ జేస్తడు. ఉత్తగనే సతాయించినవని తేలితే ఆ రెండు రూపాయలు పాయె. అంటే మొఖం జూసుడు తప్పు కాదు, జూసెటోళ్లు ఎవరనేదే లెక్క. ఓట్లల్ల నిలవడ్డ మనిషి ఓటరు మొఖం జూస్తే అది తనిఖీ కాదు, బెదిరింపు లెక్క అయితది.

గుర్తింపు కోసం నిమిషం సేపు మొఖం సూపెట్టుడు మతానికి అడ్డం అనే మాట గూడ నాకు ఒప్పుకోబుద్ధి గాదు. పాస్‌పోర్ట్ ఫోటోకు మొఖం కనవడాల్సిందే. ఇంకో ముచ్చట. హజ్‌కు వోయి ఇహ్రామ్ కట్టిన ఆడోళ్లు నఖాబ్ కట్టొద్దని మతమే చెప్తది.

మతం లోపట గూడ ఒక్క మాట లేదు. మొఖం, చేతులు కప్పుడు ఫర్జ్ కాదనే ఉలేమాలు శానమందే. తప్పనిసరి అనేటోళ్లూ ఉన్నరు, కప్పితే మంచిదనేటోళ్లూ ఉన్నరు. 2009ల ఈజిప్టుల అల్ అజ్హర్ పెద్ద షేక్ తంతావీ ఒక బడిపిల్లను నఖాబ్ తియ్యుమని, అది ఆచారమే గని ఆరాధన కాదని అన్నడు. పెద్ద లొల్లయింది. మన పక్కన కేరళల 2019ల ముస్లింలే నడిపే ఎంఈఎస్ సంస్థ తమ కాలేజీలల్ల మొఖం కప్పుకొని రావద్దని సర్క్యులర్ ఇచ్చింది. సమస్త ఉలేమాలు దాన్ని తప్పువట్టిన్రు. అక్కడ కొట్లాట ముస్లింలకూ ముస్లింలకూ నడుమనే.

మన టీవీలకు గివేం పట్టవు. ఉడుపిల కాలేజీ పిల్లలు అడిగింది తలకు గుడ్డ, హిజాబ్. మొఖం తెరిశే ఉన్నది. దాన్నే 'బుర్ఖా గొడవ' అని నడిపిన్రు. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు ఆ పిల్లల పిటిషన్లు కొట్టేసింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టుల ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చిన్రు. జస్టిస్ ధూలియా పట్టుకున్నది ఆడపిల్ల చదువు. అసలు ముచ్చట నాకు అక్కడనే ఉన్నట్టు అనిపిస్తది.

ఎందుకంటే మా మండలంల నాకు తెల్సిన పిల్లలు కొందరు బుర్ఖా ఏస్కుంటమని ఒప్పుకుంటేనే ఇంట్ల డిగ్రీకి తోలిన్రు. వాళ్లకది నమ్మకమా, బస్ పాసా అంటే రెండూ అంటరు. ఇంట్ల అయ్య, అన్న జేసే జబర్దస్తీ అబద్ధం కాదు. దాని మీద మాట్లాడకుంట ఉత్త 'ఛాయిస్' అనుడు నాకు నచ్చది. అయితే గేటు కాడ బుర్ఖా ఆపితే అన్నకేం నష్టం? పిల్ల ఇంట్ల కూసుంటది, గంతే.

ఫ్రాన్స్‌ల 2011 ఏప్రిల్ నుంచి బయట మొఖం కప్పితే 150 యూరోల దాకా జుర్మానా. 2014ల యూరప్ మానవ హక్కుల కోర్టు, భద్రత కోసం అంటే ఒప్పుకోలే, ఆడోళ్ల సమానత్వం అంటే గూడ ఒప్పుకోలే. 'కలిసి బతుకుడు' అనే ఒక్క కారణం మీదనే చట్టాన్ని నిలవెట్టింది. ఇటు 2022 మేల తాలిబన్లు మొఖం కప్పాల్సిందే అని హుకుం ఇచ్చిన్రు. ఇరాన్ల 1936ల రెజా షా పోలీసులు పర్దా గుంజిన్రు. 1979 తర్వాత వచ్చిన సర్కారు తల కప్పకుంటే పట్కపోయింది. గుంజినా కప్పినా లాఠీ ఒక్కటే.

మనకు గిది పరాయి ముచ్చటేం గాదు. జమీందార్ల ఇండ్లల్ల హిందూ ఆడోళ్లకు గూడ గోషా ఉండె. విశాఖల విక్టోరియా ఆసుపత్రిని ఇప్పటికీ గోషాసుపత్రి అనే పిలుస్తరు. పర్దా వదిలి బయటకొచ్చిన తొలి హైదరాబాదీ ఆడోళ్లల్ల సుఘ్రా హుమాయూన్ మీర్జా ఒకామె. ఆడపిల్లలకు సఫ్దరియా బడి పెట్టింది. ఆమె పర్దా ఏ పోలీసూ గుంజలే. మన తెలుగుల షాజహానా కవిత్వం పుస్తకం పేరే 'నఖాబ్'. ఇంట్ల మొగోళ్లనూ, బయట వాళ్ల మతం జూసి మొఖం తిప్పుకునేటోళ్లనూ ఇద్దర్నీ అడిగింది. గా పుస్తకం సదివినోళ్లు మా గ్రూపులల్ల ఎందరున్నరో లెక్కవెడితే ఒక చెయ్యి ఏళ్లు సాలు.

రేపు ఎమ్మెల్యే ఓట్లకో, ఎంపీ ఓట్లకో ఏజెంటుగ కూసునే తమ్ముళ్లు మీలో ఉంటరు. ఎవరి మీదనన్న డౌట్ వస్తే ఆమె దగ్గరికి వోకుర్రి. ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు చెప్పుర్రి. జేబుల రెండు రూపాయలు పెట్టుకోని వోర్రి.