గవర్నర్ ఊరికే లేడు!

గవర్నర్ అంటే మీకు రాజ్‌భవన్ గుర్తొస్తుందేమో. నాకు మాత్రం డాలస్‌లో మా గ్యారేజ్ గుర్తొస్తుంది.

వారమంతా కోడ్, శనివారం వస్తే చేతులకి గ్రీజు. పోయిన వేసవిలో గో-కార్ట్ కోసం పాత హోండా జీఎక్స్200 ఇంజన్ కొన్నాను. 196 సీసీ, ఒకటే సిలిండర్. నీళ్ల పంపులకి, జనరేటర్లకి వాడేదే. చిన్నది, గట్టిది, విప్పి బిగించడం తేలిక. అందుకే కార్ట్ పిచ్చోళ్లకి ఇదంటే ప్రాణం.

ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మార్చాను. గాలి ఎక్కువ వెళ్తే పెట్రోలూ ఎక్కువ కావాలి కదా, కార్బ్యురేటర్‌లో పెద్ద జెట్ వేశాను. అయినా స్పీడు 3,600 ఆర్‌పీఎం చుట్టూనే తిరుగుతోంది. ఆపేది గవర్నర్. లోపల చిన్న బరువులుంటాయి. వేగం పెరిగితే అవి విచ్చుకుని థ్రాటిల్‌ని మూసేస్తాయి. మా భాషలో రేట్ లిమిటర్. ఎవరో భయపడి రాసిన లైన్ అనుకుని డిలీట్ కొట్టేశా!

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో గొప్పగా చూపించాను. తెనాలి దగ్గర మా ఊళ్లో డీజిల్ పంపుసెట్టుతో ముప్పయ్యేళ్లు వేగిన మనిషి. మెచ్చుకుంటాడనుకున్నా.

"ఒరే, గవర్నర్ తీశావు సరే. అంత స్పీడుకి ఆ ఫ్లైవీల్ తట్టుకుద్దా?"

ఫోన్ పెట్టేసి లెక్క వేశాను. తిరిగే వేగం రెట్టింపైతే ఫ్లైవీల్‌ని చీల్చే బలం నాలుగు రెట్లు. అంటే 7,200 దాకా తోలితే అంతే. పోత ఇనుము పగిలితే ముక్కలు బుల్లెట్లలా వస్తాయి. కనెక్టింగ్ రాడ్ తెగితే ఇంజన్ గోడే బద్దలవుతుంది. మర్నాడు స్టార్టింగ్ చూద్దువుగాని రమ్మని మా ఫ్రెండ్ ఎనిమిదేళ్ల కొడుకుని పిలిచి ఉన్నాను. వాడు నిలబడేది సరిగ్గా ఇంజన్ పక్కనే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

స్టార్టింగ్ వాయిదా వేశాను. బిల్లెట్ ఫ్లైవీల్, బిల్లెట్ రాడ్ తెప్పించాను. మెత్తటి స్ప్రింగులతో ఆ వేగంలో వాల్వులు టైముకి మూసుకోవు, అవీ మార్చాను. ఆరు వారాలు పట్టింది. పిల్లాడు చూశాడు, కానీ ట్రాక్ కంచె అవతల నుంచి.

మీరూ ఇంట్లో ఇంజన్ విప్పుతున్నారా? వరస గుర్తుంచుకోండి: ముందు ఫ్లైవీల్, రాడ్, స్ప్రింగులు. గవర్నర్ జోలికి చివర్లోనే వెళ్లండి.

ఆఫీసులోనూ అంతే. పాత కోడ్‌లో అర్థంకాని లైన్ కనిపిస్తే, ఇప్పుడు డిలీట్ కొట్టే ముందు రాసినవాణ్ని అడుగుతున్నా.